మచ్చలు తీసే చెయ్యి

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో సత్యవేదం ఉదయం ఎనిమిదికల్లా వరండాలో పీట వేసుకుని కూర్చుంటుంది. రెండు చెంచాల నువ్వుల నూనెలో నాలుగు లావెండర్ చుక్కలు కలిపి, కొత్తగా వచ్చినవాళ్ల మణికట్టు లోపలివైపు కాస్త రాసి పంపేస్తుంది. ఎర్రబడకపోతే మర్నాడు మర్దన. ఆమె చేత్తో రాస్తే మచ్చ పోతుంది. పోయి ఆమె ఒంటి మీదికి వస్తుంది. పక్కింటి దోర్కా మోచేతి మీద గంజి పడి కాలిన మచ్చ, ఎవరి పిల్లవో మొటిమల గుంటలు, అన్నీ ఇప్పుడు సత్యవేదానివే. "రేపు కూడా రావాలా దీదీ?" అని మాత్రం అడుగుతారు జనం, ఆమె ఒంటి మీది మచ్చల సంగతి అడగరు.

చెల్లెలు జెనీ కాపురం ఝపటాపూర్‌లో. మొగుడు టోని రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పెళ్లైన ఏడాదికి జెనీ కమిలిన బుగ్గతో వచ్చింది.

"ఏటైనాదే?"

"తలుపు తగిలినాది అప్పా. రేపు క్వయర్లో నిలబడాల. బేగి రాసీ."

సత్యవేదం రాసింది. సాయంత్రానికి జెనీ బుగ్గ నున్నగా అయింది, తన బుగ్గ నల్లబడింది. రెండోసారి భుజం. తర్వాత వీపు. అది ఏ తలుపో సత్యవేదానికి తెలుసు. అయినా రాస్తూనే ఉంది.

నాలుగేళ్లకి జెనీ తెగించింది. అక్కను వెంటబెట్టుకుని చర్చి సంఘ పెద్ద సమూయేలు ఇంటికి వెళ్లింది. టోని చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు.

"ఏదమ్మా దెబ్బ?" అన్నాడు సమూయేలు.

జెనీ చేతులు చాపింది. గీత కూడా లేదు. సత్యవేదం తన జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

"ఇవన్నీ దీనివే బాబూ. నాను తీసినాను."

సమూయేలు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. కాదనలేదు. ఆయన మోకాలి మచ్చ తీసిందీ ఆమే.

"తీసినావు, నిజమే. కానీ ఫిర్యాదు జెనీది, మచ్చలు నీయి. ఏటని రాయమంటావు? ప్రార్థన సేసుకుని ఇంటికెళ్లండి."

జెనీ టోని స్కూటర్ వెనక ఎక్కింది. అక్క వైపు చూడలేదు.

పదిరోజులకి మళ్లీ వచ్చింది. కనుబొమ నుంచి చెవి దాకా చిట్లి ఉంది. నూనె సీసా తీసి అక్క చేతిలో పెట్టింది.

సత్యవేదం దాన్ని పక్కన పెట్టేసింది. "రాయను."

"మండతంది అప్పా."

"మండనీ. ఇలాగే ఠాణాకి పద."

ఆసుపత్రిలో ఏడు కుట్లు వేసి కాగితం రాసిచ్చారు. ఠాణాలో ఈసారి దెబ్బ ఏదని ఎవరూ అడగలేదు. టోనిని పోలీసులు వర్క్‌షాపు గేటు దగ్గరే పట్టుకున్నారు.

జెనీ పూరీ గేట్ దగ్గర ఓ గది తీసుకుని, పిల్లల బడిలో ఆయాగా చేరింది. కుట్లు మానాక సత్యవేదం నూనె కలుపుకుని వెళ్లింది.

"ఇప్పుడు తీసీస్తానే. కేసుకి ఫొటోలున్నాయి కదా."

జెనీ మొహం వెనక్కి తీసుకుంది.

"మొదటిసారి అది తలుపు కాదని నీకు తెలుసా అప్పా?"

"తెలుసు."

"మరెందుకు రాసినావు?"

సత్యవేదం నూనె సీసాకి మూత బిగించింది. దాన్ని కొంగులో చుట్టుకుని వచ్చేసింది.

ఇప్పుడు అక్కచెల్లెళ్లు చర్చిలో వేరువేరు బెంచీల మీద కూర్చుంటున్నారు. జెనీ జుట్టంతా వెనక్కి దువ్వి, మచ్చ అందరికీ కనపడేలా కూర్చుంటుంది.