షెడ్డులో కూర్చున్న ఏడుగురు

ఆ రోజు నాగజ్యోతి తెల్లవారగానే అంచెట్టిలోని అద్దె గదికి తాళం వేసి, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న తెలుగు బడికి నడక మొదలుపెట్టింది. చంకలో చార్టులు, సంచిలో పాఠ్యపథకం, కడుపులో మాత్రం ఒట్టి మంచినీళ్ళు. ఆమెది నల్గొండ. సొంత జిల్లాలో టీచర్ ట్రైనింగు సీటు దొరక్క, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే అన్న ధైర్యం చెబితే రాష్ట్రం దాటి ఈ అరవ ప్రాంతానికి వచ్చి చేరింది. రెండేళ్ళుగా రాని అరవంతో కుస్తీ పడుతోంది. ఈరోజు ఆఖరి ప్రాక్టికల్. పరీక్షాధికారి ఎదుట మూడో తరగతికి తెలుగు పాఠం చెప్పాలి. తప్పితే ఇంకో ఏడాది ఇక్కడే.

అయితే ఆమెకు రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అదొక్కటే కాదు. కదిరమ్మ కూడా.

కదిరమ్మ అంటే అవ్వ పేరు పెట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల. మూడో తరగతికి వచ్చినా అక్షరం ముక్క వచ్చేది కాదు, పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. నాగజ్యోతి ఈ బడిలో శిక్షణ పాఠాలు చెప్పిన నలభై రోజులూ బడి వదిలాక పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఇప్పుడు ఉడుత పాఠాన్ని కింద వేలు పెట్టుకుని, మాటకోసారి ఊపిరి తీసుకుంటూ, ఆఖరి దాకా చదువుతుంది. మొదటిసారి అలా చదివిన రోజు పిల్ల మామూలుగానే ఉంది, ఏడ్చింది నాగజ్యోతి.

నిన్న సాయంత్రం ఆ పిల్ల తల్లి మంజులమ్మ బడి దగ్గరికి వచ్చింది.

"మా తమ్ముడు ఆంజప్ప బెంగళూరు నించి వచ్చిండాడు మిస్సు. ఆడ ఎవరో పెద్దోళ్ళింట్లో బిడ్డను ఎత్తుకునేదానికి పిల్ల కావాలంట. రేపు మూడు గంటల బస్సుకు దీన్ని పిల్చుకపోతానంటాడు. దీనికి సదువు వచ్చేట్లుంటే నేను పంపను. రేపు ఆపీసరు ముందర సదవనీ. నేనే వాణ్ణి ఒట్టి చేతుల్తో పొమ్మంటాను."

"చదువుతదమ్మా. ముందుగాల దాన్నే లేపుతా" అని నాగజ్యోతి మాట ఇచ్చింది. తల్లి కొంగు పట్టుకుని కదిరమ్మ అంతా వింటూనే ఉంది.

తీరా ఈరోజు మూడో తరగతి గదిలోకి వెళ్ళి చూస్తే సగం మొహాలు మారిపోయి ఉన్నాయి. ముందు వరుసల్లో ఐదో తరగతి పిల్లలు మోకాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చున్నారు. హెడ్మాస్టరు బైరప్ప గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఏమ్మా అట్ల చూస్తావు? ఆపీసరు వచ్చినప్పుడంతా మేం చేసేది ఇదే కదా. మన మూడో క్లాసులో రానోళ్ళు ఏడుమంది ఉండారు, వాళ్ళను ఎనక వంట షెడ్డులో కూర్చోబెడదాం."

బైరప్ప చెడ్డవాడేం కాదు. నలభై రోజులూ ఆమెకు తన ఇంటినుంచి సంగటి తెప్పించి పెట్టిన మనిషి. ఎదుటివాళ్ళ మంచి కోసం ఎంత అబద్ధమైనా ఆడేస్తాడు, అదీ ఆయనతో వచ్చిన చిక్కు.

"సార్, కదిరమ్మ చదువుతది. వాళ్ళమ్మకు మాట ఇచ్చిన."

"సదవతాది, కాదన్లేదు. ఎంతసేపు సదవతాది? నీకుండేది నలభై నిమిషాలు. కొత్త మనిషిని చూసి అది నోరు తెరవకపోతే? మీ ఊరు యాడ, నువ్వు యాడ? ఇంకో సంవత్సరం ఈడ పడి ఉంటావా అమ్మా?"

వద్దు సార్ అంటే సరిపోయేది. బైరప్ప బలవంతం చేసే రకం కాదు. కానీ బయట జీపు చప్పుడైంది, నాగజ్యోతికి ఇంకో ఏడాది కళ్ళముందు కదిలింది. తానే వెళ్ళి కదిరమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. "జరసేపు షెడ్డుల కూసో బంగారూ, మళ్ళ పిలుస్త" అంది. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. మిగతా ఆరుగురి వెనకాలే వెళ్ళిపోయింది.

పాఠం అదిరిపోయింది. అదిరిపోదా మరి! రెండేళ్ళ కిందట చదివేసిన పాఠాన్ని ఐదో తరగతి పిల్లలు గడగడా ఒప్పజెప్పారు. సగం పాఠంలో ఉండగా కిటికీ దగ్గర మంజులమ్మ కనిపించింది. తలకు పోసుకుని, మంచి చీర కట్టుకుని, కూతురి చదువు వినడానికి వచ్చింది. ఆమె చూపు వరసలన్నీ ఒక్కొక్కటిగా వెతికి, చివరికి నాగజ్యోతి మీద ఆగింది. నాగజ్యోతి వెనక్కి తిరిగి బోర్డు మీద ఉడుత అని రాయసాగింది. మళ్ళీ తిరిగేసరికి కిటికీలో ఎవరూ లేరు.

పరీక్షాధికారికి తెలుగు రానే రాదు. పిల్లలు చదువుతున్నంతసేపూ పాఠ్యపథకంలో మార్జిన్లు చూసుకున్నాడు, చార్టు రంగులు బాగున్నాయని అరవంలో మెచ్చుకున్నాడు. ఎవరు ఎలా చదివినా ఆయనకు ఒకటే. ఆ సంగతి అర్థమయ్యాక నాగజ్యోతికి తన మీద తనకే అసహ్యం వేసింది. మధ్యలో లేచి పోదామంటే వీల్లేదు. ఆయన భోంచేసి, రికార్డులన్నీ ఒక్కో పేజీ తిప్పి సంతకాలు పెట్టి జీపెక్కేసరికి మూడు దాటింది. షెడ్డు ఖాళీగా ఉంది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

మంజులమ్మ అదే మంచి చీరతో వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"ఎళ్ళిపోయినారు మిస్సు. ఇప్పుడే బస్సెక్కించి వచ్చినాను."

"అమ్మా, తప్పు నాది. దానికి చదువొచ్చు. నిజంగా వచ్చమ్మా. మార్కుల కోసం నేనే..."

మంజులమ్మ చేట కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"నేనూ అట్లే అనుకున్నాను. షెడ్డు నించి పిల్చుకొచ్చి, పుస్తకం చేతికిచ్చి, నాకోసరం ఒక్క వరస సదువే, సదివితే నిన్ను పంపను అని చెప్పినాను."

"చదవలేదా?"

"పుస్తకం తెరవనే లేదు. నాకు రాదమ్మా, మిస్సుకు తెలుసు అనింది."