కొళాయికి కట్టిన ఎర్తు

మొదటిసారి చేతికి జిల్లుమన్నప్పుడు రోజమ్మ అది తన చక్కెర జబ్బే అనుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయని డాక్టరు ముందే చెప్పాడు కదా. రెండోసారీ అలాగే సరిపెట్టుకుంది. మూడోసారి, తోటకూర కడిగి కొళాయి కట్టేయబోతే, వేళ్ళలోంచి మోచేతి దాకా చీమలు బారుకట్టి పాకినట్టయింది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో కూతురు చెక్కపని చేసే మిషను ఆగింది. చీమలూ ఆగాయి.

ఆమె చేయి లాక్కుని, తడి గచ్చు మీంచి పొడిగా ఉన్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పోర్టు క్రేన్ల కరెంటు మిస్త్రితో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. ఏది చక్కెరో, ఏది కరెంటో ఆపాటి తెలుసు. తెలిశాక భయం కంటే ముందు దుఃఖం వచ్చింది. ఆ మిషనుకు వైరింగు చేసింది ఆమె భర్త ప్రేమానందమే.

ఖిదిర్‌పూర్ డాక్కులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన ఏడాదికే ఆయనకు పక్షవాతం వచ్చింది. అది జరిగి రెండేళ్ళు. కాలు కాస్త కుదురుకుంది గానీ కుడిచేతికి పట్టు రాలేదు, మాట ముద్దగానే మిగిలిపోయింది. ఎవరైనా ఇంటికొస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, పాట వచ్చినప్పుడు పెదవులు మాత్రం కదిపేవాడు.

కూతురు జూలియా ఒక ఫర్నిచరు దుకాణంలో డిజైన్లు గీస్తుంది. చెక్క మీద పూలూ పేర్లూ చెక్కే చిన్న సిఎన్‌సి మిషను విడిభాగాలుగా తెప్పించుకుంది. కంప్యూటరులో ఏ బొమ్మ గీస్తే ఆ బొమ్మను, మోటారుకు బిగించిన ఉలి గిర్రున తిరుగుతూ చెక్కుకుంటూ పోతుంది. ఆ మోటారును స్పిండిల్ అంటారట. దాన్ని నడిపే డ్రైవు పెట్టెను తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టి, "నాన్నా, కరెంటు పనంటే నాకు భయం. నువ్వే సెయ్యాల," అంది. నిజంగా భయమో, తండ్రి చేతికి పని చూపించడమో, రోజమ్మ అడగలేదు.

పది రోజులు పట్టింది. ఎడమచేత్తో తీగలు ఒలిచాడు. పళ్ళతో టేపు తెంపాడు. మోటారు మూత విప్పి మీటరు పెట్టి చూసి, ఒకరోజు పకపకా నవ్వాడు.

"సూసినావా జూలీ, ఈ నాలుగో పిన్ను? ఎర్తుకని పెట్టినాడు, లోపల దేనికీ తగల్లేదు. మీ పెద్ద మావయ్యే ఇది. పెళ్ళికొచ్చి కుర్చీలో కూకుంటాడు, ఒక్క పని సెయ్యడు."

"మావయ్యనేటీ అనకండి," అని రోజమ్మ వంటింట్లోంచి కేకేసింది గానీ, ఆ నవ్వు విని రెండేళ్ళయిందని పమిటతో కళ్ళొత్తుకుంది.

ఆ పిన్నును ఆయన మోటారు ఒంటికి కలిపాడు. తీగల మీది జాలీ తొడుగును డ్రైవు పెట్టె దగ్గర ఎర్తుకు బిగించాడు. తీరా చూస్తే ఈ ఏక్‌బాల్‌పూర్ అద్దె ఇంట్లో గోడ సాకెట్టుకే ఎర్తు లేదు. పెద్ద కన్నం ఉంది గానీ వెనక తీగ లేదు. దానికి ఆయన ఆలోచించనైనా లేదు. మిషను నుంచి పచ్చతీగ లాగి వంటింటి కొళాయి పైపుకు కట్టేశాడు. పోర్టు క్వార్టర్సులో ఎర్తంటే కొళాయి పైపే. భూమిలోకి దిగిన ఇనుప గొట్టం కన్నా మంచి ఎర్తు ఏముంటుంది? క్వార్టర్సు వదిలి అద్దె ఇళ్ళకొచ్చాక కూడా, ఫ్రిజ్జులకు, ఇస్త్రీ పెట్టెలకు తెలుగువాళ్ళ ఇళ్ళన్నింటా అదే పద్ధతి. పక్షవాతం రాకముందు సగం ఇళ్ళలో కట్టింది ఆయనే.

"జూలీ, మిషను మళ్ళీ ఎయ్యకు. అన్నం తిని డ్యూటీకెల్లు," అంది రోజమ్మ.

"దాఁడావో మా, పాఁచ్ మినిట్. ఆగమ్మా, ఒక్క ఆకు సెక్కడం ఉన్నాది," అంది జూలియా బెంగాలీ కలిపి.

"వద్దన్నాను. గోడ స్విచ్చి కూడా కట్టీ."

"ఏటయింది?"

"నాకాకలేసింది. నువ్వు తింటే గానీ నాను తినను."

జూలియా వెళ్ళేదాకా రోజమ్మ కొళాయి జోలికి పోలేదు. గిన్నెలు బిందెనీళ్ళతో కడిగింది. తర్వాత మంచం మీద కునుకు తీస్తున్న భర్త పక్కన కూర్చుంది. చెబితే ఈ మనిషి మళ్ళీ పట్టుకారు పట్టడు. చెప్పకపోతే రేపు పిల్ల ఒళ్ళు తడిగా ఉన్నప్పుడు మిషను ముడుతుంది. ఇందులో తూచడానికేమీ లేదు. అయినా కాసేపు ఆయన నిద్రను చూస్తూ ఉండిపోయింది.

"ఏటండీ. లేగండి. కొళాయిలో కరెంటొస్తన్నాది."

"నీ సుగరేమోనే."

"మిషనాపితే సుగరాగిపోతాదేటి?"

ఆయన లేచి కూర్చున్నాడు. రబ్బరు చెప్పులు తొడుక్కుని, పీట తెచ్చి పొడిచోట వేయమన్నాడు. ఆమెను గుమ్మం దాటి రావద్దని సైగ చేశాడు. మిషనును ముట్టకుండా గోడ స్విచ్చి వేసి, పీటెక్కి, ఎడమచేత్తో టెస్టరును కొళాయికి ఆనించాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

స్విచ్చి కట్టేసి ఆయన పెరట్లోకి నడిచాడు. రోజమ్మ వెనకాలే వెళ్ళింది. వంటింటి గోడలోంచి జానెడు ఇనుప గొట్టం బయటికొచ్చింది. అక్కడి నుంచి మేడ మీది ట్యాంకు దాకా తెల్లని ప్లాస్టిక్ పైపు. తాము రాకముందే ఇంటి యజమాని మార్పించి ఉంటాడు. బయట మార్చాడు, లోపల పాత కొళాయి అలాగే ఉంచాడు.

ప్రేమానందం చాకిరేవు బండ మీద కూలబడ్డాడు.

"డ్రైవు పెట్టెలోంచి ఎప్పుడూ కొంచెం కరెంటు ఎర్తులోకి కారతాది. అది భూమిలోకి పోవాల. దారి లేక కొళాయిలో నిలబడిపోనాది." మాట ముద్దముద్దగా వస్తోంది. "తీగేదైనా తెగి మిషను ఒంటికి తగిలుంటే ఏటి గతి రోజా? పిల్లని నా సేత్తో సంపుకుందును. పైపెక్కడికెల్లిందో సూణ్ణేదు. కొత్తగా సేరిన కలాసీ కుర్రోడు కూడా సూస్తాడు."

"ఏటీ అవలేదు కదా."

"నా పనిముట్ల పెట్టె, నా కింద పనిసేసిన కూర్మయ్యకిచ్చీ. ఆడొచ్చి సరిసేస్తాడు. ఇంక నాను పనిముట్టు ముట్టను."

రోజమ్మ ఓదార్చలేదు. ఓదార్పు మాటలు ఈ రెండేళ్ళలో చాలా చెప్పింది, ఒక్కటీ పనిచేయలేదు.

"తప్పు మీరు సేసి, కూర్మయ్య సరిసేస్తాడా? బాగుంది వరస. పిల్లకి ఏటని సెప్తారు? అమ్మకి సుగరొచ్చిందనా?"

"సెయ్యి రాదే. గునపం ఎత్తలేను. బోల్టు బిగించలేను."

"ఎత్తడానికి నాను లేనేటి? బిగించేది నాను. ఎక్కడ బిగించాలో మీరు సెప్పండి. ఆ నోరు ఊరికే ఉన్నాది."

సాయంత్రం జూలియా చెప్పులు విడవకముందే ఆయన ఎదురెళ్ళి చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆమె తల్లి చేయి తీసుకుని వేళ్ళన్నీ తిప్పితిప్పి చూసింది. తర్వాత, "ఇప్పుడేటి సెయ్యాల నాన్నా?" అంది. తిట్టి ఉంటే ఆయనకు సులువయ్యేదేమో.

మర్నాడు ఇంటి యజమాని ఒప్పుకున్నాక పెరట్లో నిలువులోతు గొయ్యి పడింది. జూలియా, రోజమ్మ వంతులేసుకుని తవ్వారు. రాగికడ్డీ దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా వేసి తడిపారు. కొళాయికి కట్టిన పచ్చతీగ విప్పేశారు. కడ్డీ నుంచి లావు తీగ లోపలికొచ్చింది. మిషను చట్రానికి వేరే, మోటారుకు వేరే, డ్రైవు పెట్టెకు వేరే తీగలు లాగి, అన్నీ ఒకేచోట దానికి కలిపారు. కరెంటు ఎక్కడైనా కారితే రెప్పపాటులో ఆపేసే స్విచ్చి ఒకటి గోడకు పెట్టారు.

"తిప్పు. ఇంకా తిప్పు. అన్నం వార్చినట్టు కాదే, గట్టిగా."

"మీ సేతికింద పనిసేసినోళ్ళంతా ఎందుకు పారిపోనారో తెలిసింది," అంది రోజమ్మ స్పానరు తిప్పుతూ.

ఆఖర్న మిషను వేసి, ఆయన మీటరుతో మూలమూలా చూశాడు. జూలియా చేయి చాపబోతే కసిరాడు. "సేత్తో కాదు, మీటరుతో!" కొళాయి దగ్గర ముల్లు కదల్లేదు. అయినా ఆయన ముఖం తేటపడలేదు. రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏటి ఇంకా?" అంది రోజమ్మ.

"క్వార్టర్సు కాళీ సేసి అందరం ఇలాటి ఇళ్ళకే వొచ్చినాం కదే," అన్నాడు. అంతే.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. పాస్టరుగారు ఎప్పటిలాగే, "దేవుడు చేసిన మేలు చెప్పేవాళ్ళు లేవండి," అన్నారు. రెండేళ్ళుగా బయటివాళ్ళెవరితోనూ మాట్లాడని మనిషి చివరి బెంచీలోంచి లేచి, కాలీడ్చుకుంటూ ముందుకు నడిచాడు. రోజమ్మ సగం లేచింది. ఈ ముద్ద మాటతో, ఇంతమందిలో. ఎవరైనా నవ్వితే?

"నాను తప్పు సేసినాను," అన్నాడు ప్రేమానందం మైకులో. "మా ఇంట్లో ఎర్తు కొళాయికి కట్టినాను. బయట పైపు ప్లాస్టిక్. సూణ్ణేదు. దేవుడు మా రోజమ్మ సేతికి సెప్పినాడు, పిల్ల దక్కింది. మీ ఇళ్ళల్లో కూడా నానే కట్టినాను. కొళాయికి ఎర్తు కట్టుకున్నోళ్ళు సేతులెత్తండి."

ఎవరూ నవ్వలేదు. మొదట ముందు బెంచీలో కారుణ్య చేయి లేచింది. తర్వాత సురేష్ బాబుది. చూస్తుండగానే రెండు వైపులా చేతులు. పాస్టరుగారు ఒకసారి మైకు వైపు చూసి, నెమ్మదిగా తన చేయీ ఎత్తారు.

"కంగారొద్దు. ఇంటికెల్లగానే ఆ సామాన్ల స్విచ్చి కట్టీసి ప్లగ్గు లాగీండి. నాను వొచ్చి సూసేదాకా ఎవరూ ముట్టొద్దు. అందరిళ్ళకీ వొస్తాను." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బోల్టులు మా ఇంటిది బిగిస్తాది."

అప్పుడు అందరూ నవ్వారు. ఆయన కూడా. రోజమ్మ పమిట ముఖానికి అడ్డం పెట్టుకుంది. కారుణ్యది మూడో అంతస్తు, మెట్లు ఇరుకు. పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కితే ఆయన ఎక్కలేడు.