నీళ్లు అక్కర్లేని పూలు

మా ఆయన మురళీకృష్ణ శ్రావణంలో పోయారు. నాలుగో నెల నడుస్తోంది. ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ "ఏడ్చేయండి, గుండె బరువు దిగుతుంది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. నేనేం మొండికేసి కూర్చోలేదు. రాలేదంతే.

దీపావళి వెళ్లాక బీరువా సర్దుతుంటే పాత శుభలేఖ కవరొకటి దొరికింది. మీద ఆయన రాత: "పాపీ విత్తనాలు. చలి మొదలవగానే చల్లాలి." పోయిన మాఘంలో మా అశోక్‌నగర్ డాబా మీద ఎర్రగా పూసిన పూలవి. గసగసాలకు చుట్టాలే గానీ, పోలీసులు పట్టించుకోని రకం. వేసవిలో ట్యాంకరు వస్తే తప్ప గడవని బిల్డింగు మాది. అందుకే ఈయన ఏరికోరి, ఎండకు తట్టుకునే మొక్కలే తెచ్చేవారు. పాపీకి నీళ్లు ఎక్కువైతేనే ప్రమాదమనేవారు.

ఉన్నవి ఆ చిటికెడే. అవి పూస్తే, ఆ ఎరుపు చూస్తే, నాలో ఏమైనా కదులుతుందేమోనని ఆశపడ్డాను. నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఆయన చేసినట్టే చేశాను. విత్తనాలను సన్నటి ఇసుకలో కలిపి, రెండు వెడల్పు కుండీల్లో చల్లి, అరచేత్తో అదిమాను. వాటికి వెలుతురు తగలాలి కనుక పైన మట్టి కప్పలేదు. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో తడిపాను. పదమూడో రోజుకి దారాల్లాంటి ఆకులు లేచాయి. చూశాను. ఏమీ అనిపించలేదు. కిందికి దిగి నారాయణగూడ ఆఫీసుకు పోయాను.

వారం తిరిగేసరికి మొలకలు మొదళ్లు నల్లబడి వాలిపోసాగాయి. నేను మూడు రోజులకోసారి తప్ప తడపను. అయినా మట్టి ఎప్పుడూ బురదగానే ఉంది. ఆదివారం పొద్దున పైకి వెళ్తే, మెట్లు కడిగే ఆశమ్మ చెంబుతో నా కుండీలో నీళ్లు పోస్తోంది.

ఒళ్లు మండింది. ఇన్ని నెలల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

"ఎవరు పొయ్యమన్నారు? చచ్చిపోతున్నాయి, చూడు" అన్నాను.

ఆశమ్మ చెంబు కింద పెట్టింది. "సారే చెప్పిన్రమ్మ. దవాఖానకు పోయిన దినం, గీ మెట్ల మీదనే. మేడమ్‌కు ఆఫీసుతోని టైము దొరకది, నేనొచ్చేదాక చెట్లకు జర నీళ్లు పొయ్యి ఆశమ్మా అన్నరు. గప్పటి సంది ఒక్క దినం తప్పలే."

ఆయన చెప్పింది డాబా మీద అప్పటికే ఉన్న తులసికీ మల్లెకీ. ఆశమ్మకు మొక్కంటే మొక్కే.

"ఆయన పోయాక కూడానా?"

"ఎవ్వరు వద్దనలేదమ్మ. సారు అప్పజెప్పిన పని. నేనెట్ల బంద్ జేస్త?"

నాతో ఆయన ఆఖరున అన్నది "స్కానింగ్ ఫైలు తెచ్చావా" అని. "నేనొచ్చేదాకా" అన్న మాట ఆశమ్మకు దక్కింది. ఆమె మీద అసూయ పుట్టింది, సిగ్గు లేకుండా.

కుండీల్లో ఇంకా ఆరేడు మొలకలు నిలబడే ఉన్నాయి. రేపు కూడా నీళ్లు పడితే అవీ ఉండవు. వద్దనీ, ఎందుకు వద్దో కూడా చెప్పాల్సింది నేనే. పెద్దకర్మనాడు కూడా నా నోట రాని మాట అది.

"ఇక పొయ్యకు ఆశమ్మా" అన్నాను. "సారు రారు."

నా గొంతులో ఆ మాట మొదటిసారి విన్నాను. అక్కడే తడి నేల మీద కూలబడ్డాను. ఆశమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.