చేతికి ఇవ్వకుండా పోతే

గుడియాత్తం మగ్గాల వీధిలో కార్తీక ఎక్కని చంక లేదు. సుజిత లుంగీ నేయడానికి కూర్చుందంటే చాలు, ఏడాది బిడ్డ ఈ చంకా ఆ చంకా మారుతూ వీధంతా చుట్టి వస్తుంది. నవ్వుతూ పోతుంది, నవ్వుతూ వస్తుంది. సుజిత గుబులంతా అదే. పైగా అత్త పొన్నమ్మ మొన్న ఎగతాళిగా, "ఎవురు పిలిచినా పోతాది గదమ్మా. నువ్వే అమ్మని దానికి తెలుసునా?" అంది. ఊరికే అన్న మాటే కానీ సుజితకు ముల్లులా దిగబడింది.

ఒక్కో ఊళ్లో బిడ్డలు తల్లిని ఎంతగా కరుచుకుని ఉంటారో పరిశోధన చేసేవాళ్లు వేలూరులో పరీక్షిస్తున్నారని తెలియగానే బిడ్డతో బస్సెక్కేసింది. సంగతేదో తేలిపోతుంది కదా!

గదిలో చాప, బొమ్మలు, పరీక్ష చేసే నివేదిత అనే అమ్మాయి. "మీరు బయటికి పోండక్కా. పాప ఏం జేస్తాదో నేను చూస్తా" అంది. సుజిత లేచి, వాళ్ల వీధిలో ఏ తల్లయినా చేసే పనే చేసింది. బిడ్డను నివేదిత ఒళ్లో పెట్టి, "అత్త దగ్గర ఉండు నాయనా" అని బుగ్గ తట్టి వెళ్లింది.

తలుపు సందులోంచి చూస్తే ఏముంది! ఏడుపూ లేదు, గీడుపూ లేదు. కార్తీక నివేదిత కళ్లజోడు పీకుతూ కిలకిలలాడుతోంది. సుజితకు కళ్లనీళ్లు తిరిగాయి. పొన్నమ్మ మాటే నిజమైపోయింది.

నివేదిత బిడ్డతో బయటికొచ్చి పకపకా నవ్వింది. "నా చేతికిచ్చి పోతే ఎట్టక్కా? చాప మీద వదిలేసి పోవల్ల. మళ్లా చేద్దాం."

"ఎవురి చేతికీ ఇయ్యకుండానా? అయ్యో, మాలో ఎవురూ అట్ట పోరమ్మా!"

అయినా మనసు రాయి చేసుకుని, బిడ్డను చాప మీద వదిలి పోయింది. తలుపు మూసిందో లేదో, కప్పు ఎగిరిపోయేలా కేక! నివేదిత బొమ్మ ఆడించింది, చిటికెలు వేసింది. ఊహూఁ. బిడ్డ పాక్కుంటూ వచ్చి తలుపు బాదేసింది.

"ఏడస్తా ఉండాది! నా కోసరమే ఏడస్తా ఉండాది!"

బిడ్డ ఏడుస్తుంటే ఇంత సంబరమేమిటని సుజితకే సిగ్గేసింది. తలుపు మెల్లగా తెరిచి ఎత్తుకుంది. కార్తీక మెడ కరుచుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

బిడ్డ నిమ్మళించాక సుజిత, "కొంచేపు పట్టుకోమ్మా, మొగం కడుక్కోనొస్తా" అని నివేదిత చేతికిచ్చింది. కార్తీక అమ్మ వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ కళ్లజోడు మీదికి చెయ్యి చాచింది. అమ్మ ఇచ్చిన చేతులే కదా!

ఈసారి సుజిత తలుపు సందులోంచి చూడలేదు.