లంద నీళ్ళు

నేను ఒక తొట్టిని. మామూలు తొట్టిని కాదు, లందను. పచ్చితోళ్ళు నానబెట్టే తొట్టిని మా వైపు లంద అంటారు. ఈ మాట వినగానే మీలో కొందరి చెయ్యి ముక్కు మీదికి పోయి ఉంటుంది. తియ్యండి. నేను తోలు మొహం చూసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాలో మునిగేది మనుషులు. మా పల్లె క్రైస్తవులకు బాప్తిస్మం ఇచ్చేది నాలోనే. అయినా నా పేరు మాత్రం నేను మార్చుకోను. పేరు మారితే కంపు పోతుందనుకునేది మనుషులు, తొట్లు కాదు.

నన్ను కట్టింది పోలయ్య. మాదిగపల్లె చివర, వాగు ఒడ్డున, ఇటుకతో, సున్నంతో, సగం భూమిలోకీ సగం పైకీ కట్టాడు. లోపలికి దిగడానికి మెట్లు పెట్టాడు. నిలబడితే మనిషికి నడుము దాకా వస్తాను. తంగేడు చెక్క దంచి, ఆ నీళ్ళు నాలో నింపి, అందులో తోళ్ళు వేసేవాడు. రోజూ దిగి తొక్కాలి, తిరగెయ్యాలి, చెక్క సారం తగ్గితే కొత్తది వెయ్యాలి. కొడుకులు తొందరపడితే గట్టు మీద నుంచి కేకలేసేవాడు. "ముంచి తీస్తే తోలైద్దంట్రా? నానాల!" అనేవాడు. సరిగా నానని తోలు ఎండకు పెళుసెక్కేది, వానకు కుళ్ళేది.

ఊళ్ళోవాళ్ళకు నా వాసన గిట్టేది కాదు. కానీ నాలో నానిన తోలుతో పోలయ్య కుట్టిన మోట బానలతోనే వాళ్ళు బావుల్లో నీళ్ళు తోడి పొలాలకు పెట్టుకునేవారు. ఆ నీళ్ళతో పండిన బియ్యం వండి దేవుడికి నైవేద్యం పెట్టేవారు. ఆ నీళ్ళకు అంటు లేదు, నాకుంది. ఇదెట్లా కుదిరిందని నన్నడక్కండి. నేను తొట్టిని, నాకంత తెలివి లేదు.

ఆ రోజుల్లో కాలినడకన ఊళ్ళు తిరిగే బోధకుడు ఒకాయన పల్లెకు వస్తూ పోతూ ఉండేవాడు. పోలయ్య ఆయన మాట విన్నాడు, వాదించాడు, ఆఖరికి నమ్మాడు. బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. బాప్తిస్మమంటే నిండా మునగాలి. అందరూ కలిసి వాగు రేవుకు పోతే ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. మీరు మునిగిన నీళ్ళు మా గొడ్లు తాగాలా అన్నారు. గొడ్లను ఎవరూ అడగలేదు.

"నా లందుంది గదయ్యా," అన్నాడు పోలయ్య.

బోధకుడు నా దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు. ఆయనకూ ముక్కుంది, పాపం. కాసేపు ఊపిరి బిగబట్టి, తర్వాత నవ్వాడు. "ప్రభువును పుట్టగానే పడుకోబెట్టింది పశువుల తొట్టిలోనే గదా పోలయ్యా. ఆయనకు తొట్లు కొత్త గాదులే," అన్నాడు. తోళ్ళు తీసేశారు. ఇసుకతో రుద్దారు, సున్నం కొట్టారు, వేపాకు వేసి కడిగారు. వాసన పోయింది గానీ నా గోడల్లో ఇంకిన తంగేడు ఎరుపు పోలేదు. ఇప్పటికీ పోలేదు.

పోలయ్య నాలో మునిగి పౌలుగా లేచాడు. ఊరు మాత్రం ఆయన్ను చచ్చేదాకా "ఒరే పోలిగా" అనే పిలిచింది. ఆయన ఊరందరికీ చెప్పులు కుట్టేవాడు. పెద్దవీధిలో నడిచేటప్పుడు మాత్రం తన చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, అది కట్టుబాటు. బాప్తిస్మమైన మర్నాడు చెప్పులు కాళ్ళకే ఉంచుకుని పెద్దవీధిలో నడిచాడు. కొట్టారు. దెబ్బలు మానాక మళ్ళీ అట్లాగే నడిచాడు. భార్య నా గట్టు మీద కూర్చుని, ఇంకా బుద్ధి రాలేదా అని ఏడిస్తే, "నిండా మునిగినోడికి చలేందే?" అన్నాడు. నాకు ఆ రోజే అర్థమైంది. మునగడం ఒక పూట పని. ఆ తర్వాత బతుకంతా నానాలి. శిష్యుడు కావడమంటే అదేనని నేననుకుంటాను. వేదాంతం చదివినవాళ్ళు ఇంకో మాట చెబితే చెప్పనివ్వండి.

అందరూ పోలయ్యలు కారు. నాలోంచి లేచి తల తుడుచుకోకముందే పొలంగట్టు తగాదా గుర్తు తెచ్చుకున్నవాళ్ళున్నారు. తెల్లబట్టల నుంచి నీళ్ళు కారుతుండగానే, ఫోటోలో నా మొహం పడిందా అని అడిగినవాళ్ళున్నారు. పొద్దున నాలో మునిగిన అన్నదమ్ములు సాయంత్రానికి ఒకరినొకరు ముంచుకోవడం చూశాను. తెలుగులో ముంచడమనే మాటకు రెండర్థాలు ఊరికే రాలేదు.

కంపెనీ చెప్పులొచ్చాయి, బావులకు మోటార్లొచ్చాయి, తోలుపని పోయింది. నేను బాప్తిస్మాలకే మిగిలాను. నా పక్కన ప్రార్థనకని వేసిన రెల్లు పాక కాలక్రమంలో స్లాబు గుడి అయింది. ఇప్పుడు నన్ను చూసుకునేది పోలయ్య మనవరాలు దీనమ్మ. బాప్తిస్మాలున్నప్పుడల్లా కొబ్బరిపీచుతో నన్ను రుద్ది కడుగుతుంది. ఆమె మొగుణ్ణి గుడి వెనక సమాధుల దొడ్లో పాతిపెట్టారు. ఆయన పక్కన కొంచెం జాగా ఖాళీగా ఉంది. అది తనదని దీనమ్మ అందరికీ చెప్పి పెట్టుకుంది.

దీనమ్మకు ఒక తమ్ముడు, ప్రభుదాసు. పట్నంలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరై వచ్చాడు. సంఘ పెద్ద ఆయనే. ఈ పల్లెలోనే పుట్టిన పాస్టరు తీతు అయ్యగారు ఉండే ఇల్లు కూడా ఆయనదే. ఇక దీనమ్మ కూతురు సలోమి. పక్క పట్నంలో రోడ్లు ఊడుస్తుంది. ఎండలో దాహమేసి మంచినీళ్ళడిగితే, దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. లేదంటే పాత ప్లాస్టిక్ సీసాలో ఇచ్చి, సీసా నువ్వే ఉంచుకో అంటారు. తన ఈడువాళ్ళంతా ఎప్పుడో నాలో మునిగారు. సలోమి మాత్రం నాకింకా కుదరలేదంటూ వచ్చింది. ఈ వేసవిలో తనంతట తనే అయ్యగారి దగ్గరికి వెళ్ళి బాప్తిస్మం అడిగింది. మా సంఘంలో ఒక పద్ధతుంది. ముందు అడిగినవాళ్ళే ముందు దిగుతారు. వయసు, ఉద్యోగం, చదువు ఏవీ చూడరు. ఆ లెక్కన ఈసారి సలోమిదే మొదటి వరస.

ఆ తర్వాత ఊళ్ళోంచి అనసూయమ్మగారు అడిగింది. రైసుమిల్లు వాళ్ళావిడ, పెద్దకులం. భర్త పోయి, మనసు చెదిరి ఉన్న రోజుల్లో అయ్యగారు వెళ్ళి ప్రార్థన చేసేవారు. మొదట చాటుగా వచ్చింది, తర్వాత అందరూ చూస్తుండగానే వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆవిడ బాప్తిస్మం అడిగిందనగానే పల్లె మురిసిపోయింది. నేనూ మురిశాను, దాచడం ఎందుకు?

ప్రభుదాసు మురిపెం మాత్రం కట్ట తెంచుకుంది. నా ఎర్రటి గోడ కనబడకుండా చుట్టూ ఒక ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద పావురం బొమ్మ, కింద "పరిశుద్ధ బాప్తిస్మ కుండము" అని అక్షరాలు. నన్ను కుండం అనడం అదే మొదలు. లంద అనే మాట ఎవరి నోటా రాకూడదన్నాడు. తర్వాత అక్క ఇంటి వాళ్ళను నా గట్టు దగ్గరికి పిలిచాడు.

"ఆదివారం అనసూయమ్మగారు ముందు దిగుద్ది. ఆమె అయిపోయినాక మనోళ్ళు."

"ముందడిగింది నేను గదా మావయ్యా," అంది సలోమి.

"నిజమేనే. ఆమె మంచినీళ్ళల్లో మునగాల గదా."

"నేను మునిగితే అయి మంచినీళ్ళు గావా?"

ప్రభుదాసు అటూ ఇటూ చూశాడు. "నువ్వు చేసే పనేందో నీకు తెలవదా? ఆమె ఏమనుకుంటదో ఆలోచించొద్దూ?"

"ఆమె అన్నదా ఆ మాట?"

"అనాల్నా? మనకే తెలియాల."

చూశారా, అడగని మర్యాద అంటే ఇది. ఆవిడకు తట్టని అంటు ఆవిడ తరఫున ఈయనకు తట్టింది. వాగు రేవులో కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు చచ్చి చాలా కాలమైంది. వాళ్ళ కర్ర మాత్రం పోలయ్య మనవడి చేతికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

సలోమి గొంతు పెంచలేదు. "బజార్లో ప్రతి ఇంటి ముందూ నా నీళ్ళు వేరే. ఈ ఒక్కచోటన్నా అందరివీ ఒకే నీళ్ళనుకున్నా. అట్టా గాకపోతే నాకీ బాప్తిస్మమే వద్దు. తీసుకుంటే మాత్రం నా వరసలోనే దిగుతా."

"దిగితే సంఘంలోంచి తీసేస్తా. నీకూ మీ అమ్మకూ సమాధుల దొడ్లో చోటుండదు, చెప్తన్నా!"

దీనమ్మ మొహం పాలిపోయింది. తమ్ముడు వెళ్ళిపోయాక కూతురి చెయ్యి పట్టుకుంది. "ఎవురు ముందైతే ఏందే తల్లీ? దేవుడికి వరసలేంది?"

"దేవుడికి లేవు గాబట్టే మావయ్యకూ ఉండగూడదు," అంది సలోమి. దీనమ్మ పీచు తీసుకుని నన్ను రుద్దడం మొదలుపెట్టింది. రుద్దిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ నా చుట్టూ చేరారు. బోరునీళ్ళు అంచు దాకా నింపారు. నీడలో ఒక కుర్చీ, దాని మీద ఉతికిన తువ్వాలు, అందులో అనసూయమ్మగారు. బాప్తిస్మం తీసుకునే మిగతావాళ్ళు తెల్లబట్టల్లో నిలబడి ఉన్నారు. తీతు అయ్యగారు ముందే నాలోకి దిగి ప్రార్థన చేశారు. పాట పాడారు. ప్రభుదాసు మైకు అందుకున్నాడు. ఇంట్లో మాట్లాడే భాష పక్కన పెట్టి, "ముందుగా మన ప్రియ సహోదరి శ్రీమతి అనసూయమ్మగారిని వేదిక వద్దకు సాదరంగా..." అంటున్నాడు. అప్పటికే సలోమి నా మెట్లు దిగుతోంది.

నాకు ఆ పాదాలు బాగా గుర్తు. రోడ్డు మీద నడిచి నడిచి పగిలిన మడమలు. అవి వణకలేదు.

"ఏయ్! ఆగు!" మైకు కూతపెట్టింది. ప్రభుదాసు ఇంటి భాష ఇంటికి తిరిగొచ్చింది. "మోటరెయ్యండ్రా! నీళ్ళు తీసెయ్యండి! నీళ్ళు మార్చండి!"

ఎవరూ కదల్లేదు. నడుములోతు నీళ్ళలో ఉన్న అయ్యగారు మెల్లగా తలెత్తారు.

"నీళ్ళు మార్చాలంటే నన్ను గూడా మార్చాలి గదండీ," అన్నారు. "నేను దిగి చాలాసేపైంది. నేనెవురి కొడుకునో మీకు తెలవంది గాదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. పాపం ప్రభుదాసు. కుర్చీ, తువ్వాలు, ఫ్లెక్సీ, వరస, అన్నీ ఆలోచించాడు. ముంచేవాడు కూడా నీళ్ళలోనే ఉంటాడన్న సంగతి మరిచిపోయాడు. అనసూయమ్మగారి తల పట్టుకుని ముంచాల్సిన చెయ్యి ఈ పల్లెదే. ఆ చేతిని ఏ బోరునీళ్ళతో మారుస్తాడు?

"అయ్యగారూ, పైకి రండి," అన్నాడు పళ్ళు బిగించి. "ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తది."

"చేస్తానండీ. ఈ పని అయినాక."

అనసూయమ్మగారు అయోమయంగా దీనమ్మ వైపు తిరిగింది. "నీళ్ళెందుకు మార్చాలి దీనమ్మా? ఏమైంది?"

"ఏం లేదమ్మా, శుభ్రత కోసం..." అంటూ ప్రభుదాసు పరుగెత్తుకొచ్చాడు. అతనికంటే ముందే దీనమ్మ వచ్చి, ఫ్లెక్సీ అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పావురం మట్టిలో పడింది. నా ఎర్రటి గోడ ఎండలోకి వచ్చింది.

"ఇది లందమ్మా. మా తాత తోళ్ళు నానేసిన లంద. ఆ నీళ్ళల్లో ఉన్నది నా బిడ్డ, బజార్లు ఊడుస్తది. దానెనక మీరు దిగాల్సొస్తదని మా తమ్ముడు సిగ్గుపడతన్నాడు. నాకేం సిగ్గు లేదు. దిగితే దిగండి, లేపోతే లేదు."

మొగుడి పక్కన ఆ కాస్త జాగా పోతుందని తెలిసే ఆమె ఆ మాట అంది. నా గురించి అంత బాహాటంగా, అంత మంది ముందు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నాకు గర్వమేసింది. అనసూయమ్మగారు నా గోడను చూసింది, సలోమిని చూసింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అయ్యగారు సలోమి భుజం మీద చెయ్యి వేశారు. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో, క్రీస్తుతోపాటు నిన్ను పాతిపెడుతున్నాను. క్రీస్తుతోపాటు నిన్ను లేపుతున్నాను," అన్నారు. సలోమి వెనక్కి వాలింది. నీళ్ళు ఆమె మీద మూసుకున్నాయి. నేను ఆమెను అడుగు దాకా పట్టుకున్నాను. లేచినప్పుడు ఊపిరి తీసుకున్న చప్పుడు గట్టున ఉన్న అందరికీ వినిపించింది.

ఆమె మెట్లెక్కి వస్తుంటే ప్రభుదాసు ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పినా వినలేదు గదా. రేపు చచ్చినాక నిన్నూ మీ అమ్మనూ పాతిపెట్టడానికి ఇక్కడ గుప్పెడు మట్టి గూడా దొరకదు. గుర్తుపెట్టుకో!"

సలోమి మొహం మీది నీళ్ళు రెండు చేతులా తుడుచుకుంది.

"నన్ను పాతిపెట్టడం ఇప్పుడేగా అయింది మావయ్యా. నువ్వు చూస్తానే ఉన్నావు. లేచి గూడా వచ్చా. ఇంక నీ దొడ్డితో నాకేం పని?"

దీనమ్మ కూతురికి దుప్పటి కప్పింది. అయ్యగారు నీళ్ళలోంచే, తర్వాత అడిగిందెవరని కేకేశారు. తర్వాత అడిగింది అనసూయమ్మగారే. ఆవిడ లేవలేదు. ఆవిడ తర్వాత అడిగినవాళ్ళు ఒక్కొక్కరే దిగారు, మునిగారు, లేచారు.

ఇప్పుడు మిగతా అందరివీ అయిపోయాయి. అయ్యగారు ఇంకా నాలోనే నిలబడి ఉన్నారు. అనసూయమ్మగారు ఇంకా కుర్చీలోనే ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, కానీ కాళ్ళు కదలడం లేదు. ఆవిడ దిగుతుందో లేదో నాకు తెలియదు. తొందరేమీ లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. దిగితే మాత్రం ఈ నీళ్ళలోనే దిగాలి.