కమలాక్షి చేసిన పని

ఆళ్లగడ్డలో ఓబులాచారి ఉలి దెబ్బ వినబడేదే గానీ మాట వినబడేది కాదు. విగ్రహాలు చెక్కేవాళ్ల వీధిలో ఆయన చేతిని మెచ్చనివాళ్లు లేరు. ఆయన మాత్రం ఊ కొట్టడానికి కూడా పిసినారే. అందుకే ఎప్పుడైనా ఒక మాట నోరు జారితే ఇంట్లో అదే శాసనం.

ఆయన కూతురు కమలాక్షి హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసేది. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చింది. పక్క బండ మీద పని చేస్తున్న ఏసయ్య ఊరుకోలేదు.

"ఏం పాపా, ఎలకల మెదళ్లు కోస్తాండావంట! ఎలక్కి మెదడుంటాదా? మా బామ్మర్దికే ల్యాకపాయె."

కమలాక్షి నవ్వలేదు. ఏసయ్య నీళ్లకు పోయాక తండ్రి పక్కన చతికిలబడింది.

"నాయనా, తెగిన నరం మళ్లీ చిగురు పెడతాదని నేను కనిపెట్టినా. ఏండ్ల కష్టం. ఇప్పుడు అది అచ్చుకు పోతాంది. మా సారు తన పేరూ, తన మేనల్లుని పేరూ రాసి నాది కొట్టేసినాడు. పైవాళ్లకు చెప్పుకుంటే ఇప్పటికైనా నా పేరు ఎక్కుతాది. చెప్పుకోమంటావా, ఊరకుండమంటావా?"

ఓబులాచారి ఉలి దించాడు. ఆయన ముందు నరసింహస్వామి నడుము దాకా రాతిలోనే ఉన్నాడు.

"స్వామిని చెక్కి పాదాల కింద మన పేరు రాసుకుంటామా? జనం మనకు మొక్కినట్లయితాది. పని నిలబడల్లమ్మా. పేరుతో ఏం పని?"

"ఇది స్వామి గాదు గదా నాయనా."

"యా పనైనా అంతే."

అంత మాట్లాడటం ఆయనకే ఎక్కువ. మళ్లీ ఉలి అందుకున్నాడు. కమలాక్షి చీరకు అంటిన రాతిపొడి దులుపుకొని లేచింది. పైవాళ్లకు చెప్పుకోలేదు.

పట్టా చేతికొచ్చింది గానీ కుదురైన ఉద్యోగం రాలేదు. ఎనభై అయిదులో ఒక పెద్ద పోస్టుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వయసు మీరుతోంది, ఇది తప్పితే ఇక లేదు. ఆమె తిరిగి వచ్చేనాడు ఓబులాచారి నంద్యాల స్టేషనుకు వెళ్లాడు. డోన్ బండి దిగిన కూతురి మొహం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. బస్టాండు దాకా అడగలేదు. అక్కడ బల్ల మీద కూర్చున్నాక అడిగాడు.

"ఏమన్నారమ్మా?"

"నీ పేరుతో ఏం అచ్చయిందన్నారు. నరం సంగతి నాదేనన్నా. ఒకాయన లావాటి పుస్తకం తెప్పించినాడు. ఎవరి పనిని పట్టుకొని ఎవరు ముందుకు పోయినారో అంతా దాంట్లో ఉంటాది. మా సారు పేరు కింద పేజీ నిండిపోయింది నాయనా. జపానోళ్లు, జర్మనీవాళ్లు, అందరూ దాన్నే ఎత్తుకున్నారు."

"అంటే పని నిలబడింది."

"నిలబడింది. మరి నీ పేరేదమ్మా అన్నారు."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పల్ల? మా నాయన వద్దన్నాడని చెప్పల్లా? ఊరకున్నా. ఒకరి మొహాలొకరు చూసుకొని నవ్వినారు."

ఓబులాచారి కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు.

"నేనొచ్చి చెప్తా వాళ్లకు. అది నీ చేతి పనేనని చెప్తా."

"నా చేతి పని నీకేం తెలుసు నాయనా?"

అది నిజమే. తమ వీధిలో ఏ విగ్రహం ఎవరు చెక్కిందో పేరు లేకపోయినా అందరికీ తెలుసు. ముక్కు చూసి, వేళ్లు చూసి చెప్పేస్తారు. అచ్చులో పడిన పనికి ముక్కూ వేళ్లూ ఉండవని, పేరుతో ఏం పనన్న రోజు ఆయనకు తోచనే లేదు.

ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. ఆయన పెట్టె ఎత్తుకున్నాడు. మెట్టు దగ్గర ఆగిపోయాడు.

"ఆ పొద్దు నన్నడక్కుండా ఉంటే బాగుండు."

"ఇంకెవర్ని అడుగుదు?" అంది కమలాక్షి.

వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు. ఎక్కండప్పా అని కండక్టరు కసిరాడు. ఇద్దరూ ఎక్కారు.