ఓడెల్ పట్టిన తుపాకి

ఓడెల్ గ్రీర్ కాగుతున్న నీళ్లలోకి వేలు పెట్టి చటుక్కున లాగాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ లాగాడు. మూడోసారి పెట్టలేక వేలు ప్యాంటుకు తుడుచుకుని, "ఇక చాలు, కట్టెలు లాగేయండి" అన్నాడు. వేలు మూడోసారి ఓర్చుకోలేదంటే నీళ్లు సరిగ్గా కాగినట్టు. అంతకు మించి కాగితే పంది వెంట్రుకలు ఊడవు, తోలుకు అతుక్కుపోతాయి.

హెస్టర్ పెద్దమ్మ పెరట్లో అప్పటికే జనం చేరారు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. ఆ ఏడాదికి మొదటి గట్టి చలి అది. మా టాలిస్ కౌంటీలో గట్టి చలి పడ్డ రోజే పందిని కోస్తారు, లేకపోతే ఉప్పు పట్టేలోగా మాంసం పాడవుతుంది. చలి జడ్జిగారి తీరిక చూసుకుని రాదు కదా. ఆ మధ్యాహ్నమే ఓడెల్‌కు కోర్టులో శిక్ష వేస్తారు. అయినా తెల్లవారుతూనే కత్తులు నూరుకుని వచ్చేశాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. బాగా పొడుగు. కోళ్ల ఫ్యాక్టరీలో బతికున్న కోళ్లను కొక్కేలకు తగిలించీ తగిలించీ భుజాలు ముందుకు వంగిపోయాయి. వేళ్లు పూర్తిగా చాపలేడు. పందొమ్మిదేళ్లప్పుడు ఒక గోదాము తాళం పగలగొట్టాడు. ఇరవై మూడేళ్లప్పుడు మత్తుమందు అమ్ముతూ దొరికాడు. రెండుసార్లూ జైలుకు పోయి వచ్చాడు. ఆ తరువాత ఎవరి జోలికీ పోలేదు. ఫ్యాక్టరీ, చర్చి, భార్య వెర్నా. చెప్పుకోవడానికి ఏమీ లేని బతుకు, ఎవరూ చెప్పుకోలేదు కూడా.

పోయినేడు ఇదే పెరట్లో హెస్టర్ అల్లుడు డ్వేన్ గురి తప్పి పంది దవడ పగలగొట్టాడు. అది పడి, లేచి, రక్తం కార్చుకుంటూ అరుస్తూ పెరడంతా తిరిగింది. డ్వేన్ వణుకుతూ నిలబడిపోయాడు. హెస్టర్ అతని చేతిలోంచి తుపాకి లాక్కుని ఓడెల్ చేతిలో పెట్టింది. మా వైపు అంతే. జంతువు బాధపడుతుంటే తుపాకి వణకని చేతికి పోతుంది, ఆ చేతి పూర్వాపరాలు ఎవరూ అడగరు. ఓడెల్ కూడా ఆలోచించలేదు. ఒక్క గుండుతో అరుపు ఆగిపోయింది. అప్పుడే ఎవరో సరదాకు ఫోనులో తీశారు. దాన్ని ఇంకెవరో ఊరందరికీ పంపారు. చివరికి షెరీఫ్ ఆఫీసులో చూశారు.

రెండుసార్లు శిక్షపడ్డవాడు తుపాకి పట్టుకుంటే అయిదేళ్లు. తగ్గించే అధికారం జడ్జికి కూడా లేదు. ఎందుకు పట్టుకున్నాడు, ఎంతసేపు పట్టుకున్నాడు, ఎదురుగా ఉన్నది మనిషా పందా, ఇవేవీ ఆ చట్టానికి పట్టవు. మనుషుల్ని కాల్చేవాళ్ల కోసం రాశారట. మంచిదే, వాళ్లను లోపలేయండి, ఎవరొద్దన్నారు? కోళ్లు తగిలించుకునేవాడి మెడకెందుకు తగిలించడం?

బయటపడే దారి ఒకటే ఉంది. తుపాకి ఎవరిచ్చారో చెబితే ప్రాసిక్యూటర్ సిఫార్సు చేస్తాడు, అప్పుడు మాత్రం జడ్జి తగ్గించవచ్చు, ఏడాదిన్నరతో పోతుంది. కానీ ఇలాంటివాడికి తుపాకి ఇచ్చినవాళ్లకు కూడా జైలే. హెస్టర్‌కు ఎనభై దగ్గర పడ్డాయి. ఆమె ఇవ్వడం ఫోనులో లేదు. పెరట్లో ఉన్నవాళ్లందరినీ పిలిచి అడిగారు, ఒక్కరూ చూడలేదన్నారు. డ్వేన్ అయితే, కళ్లు మూసుకున్నానండీ అన్నాడు. కొంతవరకు నిజమే.

హెస్టర్ కాఫీ కప్పుతో ఓడెల్ దగ్గరికి వచ్చింది. "ఒరే, ఇవాళ నేను చెప్పేస్తా. నన్నే తీసుకుపోనీ. అక్కడ మూడుపూటలా వండి పెడతారంట కదా."

"పెడతారు. నీ నోటికి ఎక్కదు. ఉప్పుండదు."

"ఉప్పు పొట్లం కట్టుకుపోతాలే."

"పెద్దమ్మా, నోరిప్పావంటే ఊరుకోను." ఓడెల్ కాఫీ అందుకున్నాడు. "నీ పేరు చెప్పి ముందే బయటికొచ్చాననుకో, ఎవరి మొహం చూసి బతకను?"

"నా మొహం చూడు. ఏం, బాలేదా?"

"చూస్తూనే ఉన్నాగా, అందుకే చెప్తున్నా."

ముసలామె అతను తాగేదాకా నిలబడింది. ఖాళీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

డ్వేన్ పక్కింటివాళ్ల తుపాకి అడిగి తెచ్చాడు. తుపాకి ఉన్న చోట ఓడెల్ ఉండకూడదని బెయిలిచ్చినప్పుడే చెప్పారు. అందుకని తుపాకి డ్వేన్ లారీలోంచి దిగకముందే ఓడెల్ మసి వేలితో, మొక్కజొన్నలు తింటున్న పంది నుదుటి మీద రెండు గీతలు గీశాడు. ఒక్కో కంటి నుంచి అవతలి చెవి దాకా. "ఇవి కలిసే చోట కొట్టు. ఊపిరి వదిలేసి నొక్కు. ఈసారి కళ్లు తెరుచుకో" అని చెప్పి, రోడ్డు దాటి, వేరుశనగ చేను గట్టున వీపు తిప్పుకుని నిలబడ్డాడు. ఒక పేలుడు వినిపించింది. ఆ వెనక అరుపు లేదు.

"నేర్చుకున్నాడు వెధవ" అనుకుని, తృప్తిగా వెనక్కి నడిచాడు.

ఆ తరువాత పనంతా ఆయనదే. వేడినీళ్లలో పొర్లించడం, వెంట్రుకలు గీకడం, వేలాడదీసి కడుపు చీల్చడం. లోపలివన్నీ ఒక్క పేగు కూడా తెగకుండా తొట్టిలోకి జారాయి. వెర్నా ఉతికిన చొక్కాతో వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పద, కడుక్కో. రక్తంతో పోతావా కోర్టుకి?"

"పోతే ఏం? ఎవరి రక్తమని అడుగుతారేమో చూద్దాం."

"అడగరు. నీకు అడిగించుకునే అదృష్టం కూడానా" అంటూ ఆమె అతని మెడ వెనక తానే తుడిచింది.

కోర్టు వరండాలో, ఓడెల్ తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు మిస్ క్వార్లెస్ ఎదురొచ్చింది. చిన్నపిల్ల. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. "గ్రీర్ గారూ, ఇంకా టైముంది. ఒక్క పేరు చెప్పండి చాలు."

"నువ్వు మంచిదానివమ్మా. ఆ ఒక్కటీ అడక్కు."

జడ్జి వయసు మళ్లినవాడు. కాగితాలు సర్దుకుంటూ, ఈ చట్టం తన చేతులు కట్టేసిందన్నాడు. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగాడు.

ఓడెల్ లేచాడు. "కట్టేసింది మీ చేతులైతే జడ్జిగారూ, బేడీలు నాకెందుకు? ఆ పంది నొప్పితో అరిచింది, నేను ఆపాను. రేపు ఇంకోటి అరిచినా ఆపుతాను. కుర్రతనంలో చేసిన వాటికి తప్పయిందన్నాను, లోపలికి పోయి వచ్చాను. దీనికి మాత్రం అనను."

"తుపాకి ఎవరిచ్చారు?" అన్నాడు ప్రాసిక్యూటర్.

"నా చేతికొచ్చింది."

వెనక బెంచీ చప్పుడైంది. చర్చికి పెట్టుకునే ఊదా టోపీతో హెస్టర్ లేచి నిలబడింది. పెదాలు విడిపడ్డాయి. ఓడెల్ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది, కూర్చోవడం మాత్రం కూర్చోలేదు. కోర్టు జవాను సైగ చేశాడు. "మోకాళ్లు పట్టేశాయి నాయనా, వంగవు" అంది. అబద్ధం. పొద్దున ఆ మోకాళ్ల మీదే కూర్చుని పేగులు కడిగింది. జడ్జి అయిదేళ్లు అని చదువుతున్నంతసేపూ, ఓడెల్‌కు బేడీలు వేస్తున్నంతసేపూ అలాగే నిలబడి ఉంది.

పక్క తలుపు దగ్గర ఓడెల్ ఆగాడు. "వెర్నా, తొడలకు ఇంకాస్త ఉప్పు పట్టించు. ఎముక దగ్గర."

"తెలుసులే. నాకే చెప్తావా?" అంది వెర్నా. తలుపు మూసుకుంది.

బయట చలి పెరిగింది. హెస్టర్‌ను ఎక్కించి వెర్నా లారీ స్టీరింగు ముందు కూర్చుంది. ఇంటి లారీని ఎప్పుడూ ఓడెలే నడిపేవాడు. ఆయన కాళ్లకు సరిపోయేలా వెనక్కి నెట్టిన సీటులో ఆమె పాదం బ్రేకుకు అందలేదు.

"ముందుకు జరుపుకోవే" అంది హెస్టర్.

"జరపను పెద్దమ్మా. ఎక్కడ పెట్టిపోయాడో అక్కడే ఉంటది."

వెర్నా అంచుకు జరిగి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని బండి కదిలించింది. ఆమె వెనక, ఒక పొడుగు మనిషి బరువుకు మధ్యలో గుంటపడిన ఆ సీటు ఖాళీగా ఉంది.